ఆదిలాబాద్, రామగుండం విమానాశ్రయాలను ఒకే దారిలో కలపండి: నస్పూర్ ప్రజల వినతిపత్రం

గౌరవనీయులైన కేంద్ర పౌర విమానయాన శాఖ మంత్రివర్యులకు,
మంచిర్యాల జిల్లా కలెక్టర్ గారి ద్వారా సమర్పించుకుంటున్న వినతి.

విషయం: ఆదిలాబాద్, రామగుండం (బసంత్‌నగర్ లేదా అంతర్గాం) విమానాశ్రయాలను జంటగా చేపట్టాలని, హైదరాబాద్–రామగుండం–ఆదిలాబాద్–నాగ్‌పూర్ విమాన సర్వీసు నడపాలని, అప్పటిదాకా చేయదగిన ఏర్పాట్లు వెంటనే చేయాలని కోరడం గురించి.

అయ్యా,

మేము నస్పూర్, సీసీసీ, శ్రీరాంపూర్ కాలనీల్లో ఉండేవాళ్లం. బొగ్గుబాయిల్లో పనిచేస్తున్నవాళ్లం, పనిచేసి దిగిపోయినవాళ్లం, వాళ్ల ఇళ్లవాళ్లం. ఇప్పుడు మంచిర్యాల జిల్లా కలెక్టరేట్ మా నస్పూర్‌లోనే ఉంది. 2016 అక్టోబర్ 11న కొత్త జిల్లా ఏర్పడేదాకా మాత్రం మా జిల్లా కేంద్రం ఆదిలాబాద్. ఒక భూమి కాగితం మీద సంతకం కావాలన్నా, కలెక్టర్ గారికి ఒక అర్జీ ఇచ్చుకోవాలన్నా లక్సెట్టిపేట, జన్నారం, ఉట్నూరు, ఇంద్రవెల్లి, గుడిహత్నూరు దాటి పోవాల్సి వచ్చేది. పొద్దున పోయి రాత్రికి తిరిగొస్తే అదృష్టం. ఆ దూరం ఎంతో మాకు కాళ్లతో, నడుంతో తెలుసు. ఆ అనుభవం వల్లే ఈ విజ్ఞప్తి దూరం గురించి, కాలం గురించి మొదలవుతోంది.

మంచిర్యాల నుంచి ఆదిలాబాద్‌కు రోడ్డు మీద 150 కిలోమీటర్ల పైచిలుకు. చాలా భాగం కవ్వాల్ అడవి గుండా, ఘాట్ మలుపుల గుండా పోయే దారి. బస్సులో నాలుగు గంటలు పడుతుంది, వానాకాలంలో వాగులు పొంగితే ఎంతని చెప్పలేం. రైలు చూద్దామంటే మంచిర్యాల ఉన్నది కాజీపేట–బల్లార్షా లైను మీద, ఆదిలాబాద్ ఉన్నది ముద్ఖేడ్ నుంచి వచ్చే లైను మీద. ఈ రెండు ఊళ్ల మధ్య రైల్లో పోవాలంటే మహారాష్ట్రలోకి పోయి చుట్టి రావాలి. ఒకే జిల్లాగా దశాబ్దాల తరబడి ఉన్న తూర్పు కొసకూ పడమర కొసకూ నేరుగా రైలు లేదు, సరైన రోడ్డూ లేదు. అదే బసంత్‌నగర్ ఎయిర్‌స్ట్రిప్ నుంచి ఆదిలాబాద్ విమాన మైదానానికి మ్యాపు మీద గీత గీసి కొలిస్తే సుమారు 140 కిలోమీటర్లు. గంటకు 500 కిలోమీటర్ల వేగం ఉన్న ఏటీఆర్ విమానం ఎక్కడం, దిగడం కలిపి అరగంటలో ముగించే దూరం ఇది.

ఈ రెండు మైదానాలు కొత్త ఆలోచనలు కావు. ఆదిలాబాద్ మైదానం నిజాం కాలం నాటిది. బసంత్‌నగర్‌లో సిమెంటు ఫ్యాక్టరీ పక్కన ఉన్న రన్‌వే మీద 1980లలో వాయుదూత్ విమానాలు దిగాయి. చిన్న పట్టణాలను కలపాలనే 1981లో వాయుదూత్‌ను మొదలుపెట్టారు. 19 సీట్ల డోర్నియర్ విమానాలతో దేశమంతా తిరిగి, నష్టాలతో 1990లలో అది మూతపడింది. ఆ రోజుల్లో రామగుండం నుంచి హైదరాబాద్‌కు గాలిలో పోవచ్చు. నలభై ఏళ్లు గడిచాయి. ఈలోగా ఎన్టీపీసీ రామగుండం 2,600 మెగావాట్లకు పెరిగింది, దాని పక్కనే 1,600 మెగావాట్ల తెలంగాణ ప్రాజెక్టు వచ్చింది. మా పక్కన జైపూర్‌లో సింగరేణి 1,200 మెగావాట్ల కేంద్రం కట్టింది. 1999లో మూతపడిన రామగుండం ఎరువుల కర్మాగారం మళ్లీ తెరుచుకుంది, 2022 నవంబర్‌లో ప్రధానమంత్రి గారు దాన్ని జాతికి అంకితం చేశారు. దేశానికి కరెంటు, బొగ్గు, యూరియా, సిమెంటు ఇస్తున్న ఈ గోదావరి లోయకు 1980లలో ఉన్న విమానం ఈనాడు లేదు. ఇది మాకు బాధగా ఉంది, ఆ మాట దాచుకోవడం లేదు.

ఇన్నాళ్లూ అడిగినప్పుడల్లా శంషాబాద్ ఒప్పందం చూపించేవారు. శంషాబాద్ విమానాశ్రయం చుట్టూ 150 కిలోమీటర్ల లోపల మరొకటి రాకూడదన్న షరతు అది. వరంగల్ మామునూరు ఆ గీతకు కొద్దిగా లోపల పడింది, అయినా నిరభ్యంతరం తెచ్చుకుని 2025 ఫిబ్రవరిలో కేంద్రం ఆమోదం పొందింది. మాకు సంతోషమే, వరంగల్ మాకు పరాయిది కాదు. కానీ బసంత్‌నగర్ శంషాబాద్‌కు గాలిలో 190 కిలోమీటర్ల దూరంలో ఉంది. ఆదిలాబాద్ 270 దూరంలో ఉంది. ఆ షరతు ఈ రెండింటికీ ఏనాడూ అడ్డు కాదు. 2025 ఏప్రిల్‌లో ఆదిలాబాద్‌లో పౌర విమానాలకు వాయుసేన సమ్మతి తెలిపింది. బసంత్‌నగర్‌కు చుట్టూ గుట్టలు అడ్డమన్న మాట వచ్చాక గోదావరి ఒడ్డున అంతర్గాంలో స్థలాన్ని పరిశీలించమని విమానాశ్రయాల ప్రాధికార సంస్థను రాష్ట్రం కోరింది. పని కదిలినందుకు కృతజ్ఞతలు.

అయితే మా భయం ఒకటుంది. ఆదిలాబాద్ ఫైలు ఒక దారిన, రామగుండం ఫైలు మరో దారిన నడుస్తున్నాయి. ప్రయాణికులు ఎందరు వస్తారో లెక్క వేసేటప్పుడు దేనికదే చూస్తే రెండూ తేలికగా కనిపిస్తాయి. ‘ఉత్తరాన ఒకటి వచ్చింది కదా, రెండోది దేనికి’ అనే మాట ఎవరో ఒకరు అంటారు. తూర్పు వాళ్లకూ పడమర వాళ్లకూ పోటీ పెడతారు. జిల్లా కేంద్రం విషయంలో ఆ పోటీ మేము చూశాం. మళ్లీ వద్దు.

కాబట్టి మా ప్రధానమైన కోరిక ఇది. ఈ రెండింటినీ ఒకే దారి మీది రెండు స్టేషన్లుగా తీసుకోండి. హైదరాబాద్‌లో లేచిన విమానం రామగుండంలో దిగి, ఆదిలాబాద్‌లో దిగి, నాగ్‌పూర్ చేరాలి. అదే దారిన తిరిగి రావాలి. దీని లెక్క మేమే వేసి చూశాం, మీ అధికారులు సరిచూడగలరు. శంషాబాద్ నుంచి బసంత్‌నగర్ 190 కిలోమీటర్లు, అక్కడి నుంచి ఆదిలాబాద్ 140, ఆదిలాబాద్ నుంచి నాగ్‌పూర్ 170. మొత్తం 500. శంషాబాద్ నుంచి నాగ్‌పూర్‌కు నేరుగా పోతే 430 పైన. అంటే రెండు పట్టణాల్లో దిగి, నాలుగైదు జిల్లాల జనాన్ని ఎక్కించుకుని పోవడానికి అదనంగా ఎగరాల్సింది 70 కిలోమీటర్ల లోపే. అంతర్గాం ఖాయమైతే ఈ అంకెలు అటూ ఇటూ కొద్దిగా మారతాయి, విషయం మారదు. విమానం ఒక్కటే, సిబ్బంది జట్టు ఒక్కటే, నాలుగు ఊళ్ల టికెట్లు. ఆదిలాబాద్‌లో ఇరవై మంది, రామగుండంలో నలభై మంది ఎక్కినా విమానం దాదాపు నిండుతుంది. ఒక్కో ఊరికి ఒక్కో విమానం అడిగితే ఏ కంపెనీ ముందుకు రాదని మాకూ తెలుసు.

కాలం గురించి కూడా ఉన్నదున్నట్టు చెప్పుకోవాలి. విమానం గాలిలో ఉండే అరగంటను చూపించి మూడున్నర గంటలు మిగిలాయంటే అది నిజం కాదు. నస్పూర్ నుంచి గోదావరిఖని వంతెన దాటి విమానాశ్రయం చేరాలి, గంట ముందు ఉండాలి, దిగాక ఊళ్లోకి పోవాలి. అన్నీ కలిపితే నస్పూర్ నుంచి ఆదిలాబాద్‌కు రెండున్నర, మూడు గంటలవుతుంది. మిగిలేది గంటన్నర లోపే. కేవలం ఆదిలాబాద్ దాకా పోయేవాళ్ల కోసమే అయితే ఈ కోరిక కోరేవాళ్లం కాము, మంచి రోడ్డు వేయమని అడిగి ఊరుకునేవాళ్లం. అసలు తేడా అటు హైదరాబాద్‌కు, ఇటు నాగ్‌పూర్‌కు పోయేటప్పుడు వస్తుంది. నస్పూర్ నుంచి శంషాబాద్‌కు రోడ్డు మీద 280 కిలోమీటర్ల దాకా ఉంటుంది. రాజీవ్ రహదారి మీద, ఔటర్ రింగ్ రోడ్డు మీద ఎక్కడా ఆగకుండా పోయినా ఐదారు గంటలు. గాలిలో అది ముప్పావుగంట. అక్కడ దిగినవాడు అదే ఆవరణలో బెంగళూరు విమానమో, దుబాయ్ విమానమో ఎక్కుతాడు. ఆదిలాబాద్ వాళ్ల సంగతి ఇంకా కష్టం, వాళ్లకు శంషాబాద్ మూడు వందల కిలోమీటర్లు దాటుతుంది. అందుకే మీ అధికారులు సర్వే చేసేటప్పుడు గాలిలో దూరం ఒక్కటే రాసుకోవద్దని, ఇంటి గడప నుంచి గమ్యం దాకా పట్టే మొత్తం కాలాన్ని ఊరూరా లెక్క కట్టాలని కోరుతున్నాం.

ఎవరు ఎక్కుతారని అడుగుతారు. మా కాలనీల్లో ఏ క్వార్టర్ తలుపు తట్టినా జవాబు దొరుకుతుంది. బాయిలో బొగ్గు తవ్విన తండ్రికి బెంగళూరులోనో, పుణెలోనో, అమెరికాలోనో బిడ్డలున్నారు. లక్సెట్టిపేట, దండేపల్లి, జన్నారం, అవతల జగిత్యాల, నిర్మల్ పల్లెల నుంచి గల్ఫ్‌కు పోయినవాళ్లున్నారు. దుబాయ్ విమానం తెల్లవారుజామున ఉంటే ఆ మనిషి ముందురోజు మధ్యాహ్నమే ఇల్లు వదలాలి, సాగనంపేవాళ్లకు కారు కిరాయి అదనం. ఏళ్ల తరబడి కష్టపడి తిరిగొచ్చేటప్పుడూ అంతే. కొందరు పెట్టెలో తిరిగొస్తారు. శంషాబాద్‌లో ఆ పెట్టె తీసుకుని అంబులెన్సులో ఊరు చేరేసరికి ఇంట్లో ఆడవాళ్లు రాత్రంతా వాకిట్లో కూర్చుని ఉంటారు. ఈ ప్రాంతంలో ఈ దృశ్యం చూడని ఊరు అరుదు. విమానాశ్రయం వస్తే చావులు ఆగవు. ఆ చివరి ఆరు గంటల నిరీక్షణైనా తగ్గుతుంది.

బాయిలో రూఫ్ ఫాల్ అయినప్పుడు, ఓపెన్‌కాస్టు గనిలో డంపర్ ప్రమాదం జరిగినప్పుడు, ఇళ్లలో గుండెపోటు వచ్చినప్పుడు మొదటి చికిత్స ఇక్కడే జరుగుతుంది. కేసు చేయి దాటితే హైదరాబాద్‌కు పంపుతారు. మంచిర్యాలలోనూ రామగుండంలోనూ ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి, సంతోషం. కాలిన గాయాలకు, మెదడు శస్త్రచికిత్సకు ఇప్పటికీ పట్నమే దిక్కు. రన్‌వే ఉంటే, దానికి రాత్రి లైట్లుంటే ఎయిర్ అంబులెన్స్ దిగగలదు. సింగరేణిలో రాష్ట్రానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా ఉంది. ఆ కార్మికుడి ప్రాణం మీద రెండు ప్రభుత్వాలకూ బాధ్యత ఉంది.

అసాధ్యమైనదేదీ మేము అడగడం లేదు. అడవులు, గనులు, ఆదివాసీ గూడేలు ఉన్న బస్తర్‌ను చూడండి. 2020 సెప్టెంబర్‌లో అలయన్స్ ఎయిర్ హైదరాబాద్–జగ్దల్‌పూర్–రాయ్‌పూర్ దారిలో ఏటీఆర్ విమానం నడపడం మొదలుపెట్టింది. మేము కోరుతున్నది అచ్చం ఆ పద్ధతే. 2022 ఏప్రిల్‌లో అస్సాంలోని డిబ్రూగఢ్ నుంచి అరుణాచల్ ప్రదేశ్‌లోని పాసీఘాట్‌కు మన హెచ్ఏఎల్ తయారుచేసిన 17 సీట్ల డోర్నియర్ ఎగిరింది. ఆ రెండు ఊళ్ల మధ్య గాలిలో ఉన్నది 70 కిలోమీటర్లే, మధ్యలో బ్రహ్మపుత్ర. ఇంత తక్కువ దూరానికి విమానమా అని అక్కడ ఎవరూ అనలేదు. నార్వే దేశం తన ఉత్తర తీరంలో 1968 నుంచి 800 మీటర్ల పొట్టి రన్‌వేలు కట్టి, చిన్న విమానాలతో ఊరి నుంచి ఊరికి బస్సులాగా సర్వీసులు నడిపిస్తోంది. లాభం రాని దారులకు ప్రభుత్వమే టెండర్ పిలిచి లోటు భరిస్తోంది. మన ఉడాన్ పథకంలో ఉన్న వయబిలిటీ గ్యాప్ నిధీ అదే కదా.

ఉడాన్ గురించి ఒక మాట ప్రత్యేకంగా చెప్పాలి. 2016లో పథకం వచ్చినప్పుడు 200 నుంచి 800 కిలోమీటర్ల దూరాలకే సాయమని, కొండ ప్రాంతాలు, మారుమూల ప్రాంతాలు, ద్వీపాలు, భద్రతా ప్రాంతాలకు మాత్రం కింది హద్దు లేదని పెట్టారు. రామగుండం–ఆదిలాబాద్ 140 కిలోమీటర్లు, ఆదిలాబాద్–నాగ్‌పూర్ 170, రామగుండం–శంషాబాద్ 190. కింది హద్దు పట్టుకుంటే మా దారిలో మూడు ముక్కలూ తెగిపోతాయి. ఈ రెండు విమానాశ్రయాల మధ్య ఉన్న కుమురం భీం ఆసిఫాబాద్‌ను కేంద్రమే ఆకాంక్షిత జిల్లాగా ప్రకటించింది. ఉట్నూరు, జైనూరు, ఇంద్రవెల్లి గోండు, కొలాం గూడేల ఏజెన్సీ ప్రాంతాలు. ఇవి మారుమూలలు కావని ఎవరూ అనలేరు. 2025–26 కేంద్ర బడ్జెట్‌లో ఉడాన్‌ను సవరించి 120 కొత్త గమ్యాలకు విస్తరిస్తామన్నారు, ఆకాంక్షిత జిల్లాల్లో చిన్న విమానాశ్రయాలకు, హెలిప్యాడ్‌లకు తోడ్పడతామన్నారు. ఆ 120లో ఈ రెంటినీ చేర్చాలని, ఈ దారి మొత్తాన్ని మారుమూల ప్రాంతపు దారిగా గుర్తించి దూరం హద్దు నుంచి మినహాయించాలని కోరుతున్నాం. సగం సీట్లకైనా ఉడాన్ ధర వర్తించాలి. లేకపోతే పెద్ద అధికారులు తప్ప దిగిపోయిన కార్మికుడు ఆ మెట్లు ఎక్కలేడు.

భూమి సంగతి. అంతర్గాంలో పరిశీలిస్తున్న స్థలం సుమారు 590 ఎకరాలు. ఆదిలాబాద్‌లో ఉన్న మైదానం చాలదు, ఇంకా భూమి కావాలి. భూమి పోవడమంటే ఏమిటో ఓపెన్‌కాస్టుల పక్కన బతికేవాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. పరిహారం చేతికొచ్చేలోపు ధరలు పెరగడం, ఇల్లు పోయినవాడికి ప్లాటు వచ్చినా నీళ్లు, రోడ్డు రాకపోవడం ఈ బొగ్గు బెల్టులో కళ్లారా చూశాం. మా ప్రయాణం సుఖం కోసం ఇంకొక రైతు అట్లా రోడ్డున పడటం మాకు వద్దు. 2013 భూసేకరణ చట్టం ప్రకారం పరిహారం, పునరావాసం పూర్తిగా ఇచ్చాకే భూమి స్వాధీనం చేసుకోవాలి. ప్రభుత్వ భూమి ఎంత ఉందో ముందు తేల్చి, అది వాడాకే పట్టా భూముల జోలికి రావాలి. సాగు చేసుకుంటున్న అసైన్డ్ భూముల పేదలకూ పట్టాదారులతో సమానంగా ఇవ్వాలి. భూమి ఇచ్చిన ఇళ్ల పిల్లలకు విమానాశ్రయంలో భద్రత, గ్రౌండ్ సిబ్బంది, అగ్నిమాపక విభాగాల్లో శిక్షణ ఇచ్చి ఉద్యోగాలివ్వాలి.

సాంకేతిక అడ్డంకుల విషయం నిపుణులు చూసుకుంటారు, మా వైపు నుంచి రెండు మాటలు. అంతర్గాం దగ్గర ఎన్టీపీసీ చిమ్నీలున్నాయి, హైటెన్షన్ తీగలున్నాయి, చలికాలంలో గోదావరి మీద మంచు, పొగ కలిసి కమ్ముకుంటాయి. ఉదయం ఎనిమిదింటిదాకా ఎదురుగా ఉన్నది కనబడని రోజులుంటాయి. ఇవన్నీ ఇప్పుడే లెక్కలోకి తీసుకుని, రన్‌వే ఏ దిక్కుకు ఉండాలో, ఏ పరికరాలు పెట్టాలో తేల్చాలి. పునాదిరాయి వేశాక గుట్టలు గుర్తుకు రావద్దు. అంతర్గాం కుదరకపోతే కుదరదని కారణంతో సహా చెప్పి, బసంత్‌నగర్‌ను చిన్న విమానాలకైనా సిద్ధం చేయగలరేమో చూడాలి. నివేదిక ఏదైనా సరే తెలుగులో అచ్చు వేసి కలెక్టరేట్‌లో, మున్సిపల్ కార్యాలయాల్లో, పంచాయతీల్లో పెట్టాలి. ఇన్నేళ్లలో వచ్చిన సర్వే బృందాల గురించి పేపర్లలో చదవడమే తప్ప, వాళ్లు ఏం రాశారో మా చేతికి రాలేదు.

దారి కూడా కావాలి. అంతర్గాం గోదావరి అవతలి గడ్డ, మంచిర్యాలకు ఎదురుగా ఉన్నదే. మధ్యలో వంతెన లేక చుట్టూ తిరిగి పోవాల్సి వస్తుంది. మంచిర్యాల–అంతర్గాం వంతెన ఈ ప్రాంతం ఎప్పటినుంచో అడుగుతున్నది. విమానాశ్రయం అక్కడే వచ్చేటట్టయితే ఆ వంతెనను విమానాశ్రయ ప్రాజెక్టులో భాగంగానే చేపట్టి, రెండూ ఒకేసారి పూర్తి చేయాలి.

విమానం రావడానికి ఏళ్లు పడుతుంది. అప్పటిదాకా చేతులు కట్టుకుని కూర్చోలేం. రాష్ట్ర ప్రభుత్వం ద్వారా మీరు చేయించగలిగినవి మూడున్నాయి. మంచిర్యాల నుంచి శ్రీరాంపూర్, గోదావరిఖని, కరీంనగర్ మీదుగా నేరుగా శంషాబాద్ విమానాశ్రయం లోపలికి పోయే ఆర్టీసీ బస్సు, రాత్రి గల్ఫ్ విమానాల వేళలకు తగ్గట్టుగా వేయించండి. ఆదిలాబాద్ నుంచి నిర్మల్ మీదుగా అట్లాంటిదే ఇంకొకటి వేయించండి. మంచిర్యాల లేదా రామగుండం వైద్య కళాశాల దగ్గర రాత్రిపూట కూడా హెలికాప్టర్ దిగేలా లైట్లున్న హెలిప్యాడ్ కట్టించండి. దానికయ్యే ఖర్చులో సింగరేణి, ఎన్టీపీసీ తమ సామాజిక బాధ్యత నిధుల నుంచి వాటా ఇవ్వడం న్యాయం.

అయ్యా, తమరు ఉత్తరాంధ్ర నుంచి వచ్చినవారు. రాజధానికి దూరంగా ఉన్న జిల్లాలో విమానం కోసం ఎంత ఎదురుచూడాలో మీకు తెలుసు. ఈ వినతి అందిన తరువాత ఢిల్లీ నుంచి మీ శాఖ, విమానాశ్రయాల ప్రాధికార సంస్థ, వాయుసేన ప్రతినిధులను, హైదరాబాద్ నుంచి రాష్ట్ర అధికారులను, ఆదిలాబాద్, పెద్దపల్లి లోక్‌సభ సభ్యులిద్దరినీ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టండి. సమావేశం మా నస్పూర్ కలెక్టరేట్‌లోనే పెట్టండి, ఆదిలాబాద్ పెద్దలనూ పిలవండి. రెండు విమానాశ్రయాలకూ కలిపి ఒకే ప్రణాళిక, ఒకే కాలపట్టిక ఆ రోజు రాసి, ఏ నెలలో ఏ పని పూర్తవుతుందో తేదీలతో సహా అందరి ముందూ చదివి వినిపించాలని కోరుతున్నాం.

ఇట్లు,
నస్పూర్, సీసీసీ, శ్రీరాంపూర్ కాలనీల ప్రజలు
మంచిర్యాల జిల్లా